అవుట్‌బాక్సులో మా ఆవిడ ఉద్యోగం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాపం, వాళ్ల కాలంలో ఈమెయిల్ లేదు. ఉండి ఉంటే మొదటి రెండూ కొట్టేసి అదొక్కటే ఉంచేవాళ్లు. నేను ఇల్లు కట్టాను. స్లాబు ఇప్పటికీ రెండుచోట్ల కారుతుంది, అయినా బతికే ఉన్నాను. పెళ్లి చేసుకున్నాను, అందులోనూ బతికే ఉన్నాను. కానీ ఒకానొక శుక్రవారం మా ఇంటి కంప్యూటర్ నుంచి ఒక ఉత్తరం, ఒకటంటే ఒక్క ఉత్తరం, బయటికి పంపుదామని కూర్చుని మా ఆవిడ ఉద్యోగాన్నీ, మా వంటింట్లో ఉప్పునీ, నా పరువునీ ఒకే పూట గోదాట్లో కలిపే దాకా తెచ్చాను. ఆ వైనం తల్చుకుంటే ఇప్పటికీ నాకు నీరసం ముంచుకొస్తుంది. మీకు నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను. అనుకునే ఓపిక ఆ శుక్రవారమే అయిపోయింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. నేను రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. మా స్టాఫ్ రూములో ముందు లెక్కల మాస్టారు కంప్యూటర్ కొన్నాడు, తరవాత ఇంగ్లీషు మాస్టారు కొన్నాడు. ఇక చరిత్ర ఒక్కటే వెనకబడిపోతుందేమోనని నాకు బెంగ పట్టుకుంది. నేనూ కొంటానని ఇంట్లో ప్రకటిస్తే మా ఆవిడ విమల ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"ఏం చేస్తామండి దాంతో?"

"ఏం చెయ్యలేం?" అని గంభీరంగా ఎదురు ప్రశ్న వేశాను. అసలు సంగతేమిటంటే, జవాబు నాకూ తెలియదు.

తీరా ఆ కంప్యూటర్ రిక్షా దిగింది ఆషాఢ మాసంలో. మా అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఒరేయ్ సూరీ, ఆషాఢంలో కొత్త వస్తువు మొదలుపెడతారట్రా ఎవరైనా? కొత్త కోడల్నే అత్తారింట్లో ఉంచని నెల."

"ఇది కోడలు కాదమ్మా, యంత్రం."

"కోడలైతే నయం, పుట్టింటికి పంపొచ్చు. దీన్నెక్కడికి పంపుతావు?"

కంప్యూటర్ తెచ్చిన షాపు రాంబాబు ఈ వాదనలో తల దూర్చలేదు. పెట్టెలు విప్పి, తీగలు తగిలించి, "అన్నీ షాపులోనే వేసి తెచ్చానండి సార్. వైరస్సులు రాకుండా కూడా ఒకటి వేశాను, రెండు నెలలు ఫ్రీ. మీ పూజలూ అవీ అయ్యాక ఆన్ చేసుకోండి," అని చెప్పి చల్లగా జారుకున్నాడు.

అంత డబ్బు పోసి కొన్న వస్తువు ముందుగదిలో దుప్పటి కప్పుకుని పడుకుంటే నాకు నిద్రెలా పడుతుంది? రెండ్రోజులు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. తెలివి ఎక్కువైనవాడు తేలిక దారి చూడడని ఎవరూ సామెత కట్టలేదు గానీ, కట్టాల్సింది.

"అమ్మా, దీని లోపల ఒక కేలండరు ఉంటుంది. దాన్ని నెల ముందుకి తిప్పేస్తాను. బయట ఆషాఢమైనా దీని లోపల శ్రావణం. శ్రావణంలో మొదలుపెట్టినట్టే కదా?"

మా అమ్మ కాసేపు ఆలోచించింది. "లోపల శ్రావణమైతే పరవాలేదు," అని తీర్పు చెప్పి, పంచాంగం తెచ్చి, కళ్లజోడు పెట్టుకుని, మంచి తిథి ఒకటి వెతికి ఇచ్చింది. ఆ తేదీ పెట్టాను. కొబ్బరికాయ కొట్టాం. తెరకి బొట్టు పెట్టాం. బయట వీధిలో ఆషాఢం వాన కురుస్తూంటే, మా ముందుగదిలో టీవీ పక్కన ఒక మూల మాత్రం శ్రావణ మాసం వెలిసింది.

ఆ తరవాత కొన్ని వారాలు ఆ యంత్రంతో నేను పేకాడాను, క్వార్టర్లీ ప్రశ్నపత్రం టైపు చేశాను, మళ్లీ పేకాడాను. ఈమెయిల్ కూడా పెట్టుకున్నాను. స్వాగతం అంటూ కంపెనీవాళ్లే ఒక ఉత్తరం పంపితే దాన్ని రోజూ సాయంత్రం తెరిచి చదువుకునేవాణ్ణి. నేనుగా ఎవరికీ రాయలేదు. ఎవరికని రాయను? నాకు తెలిసినవాళ్లలో ఈమెయిల్ అడ్రసున్న మనిషి ఒక్కడూ లేడు.

అలాంటి రోజుల్లో పేపర్లో ఆ ప్రకటన పడింది. రామచంద్రపురం దారిలో కొత్తగా పెట్టిన ఇంజనీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ కావాలి. దరఖాస్తులు ఈమెయిల్‌లో మాత్రమే, శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా. పోస్టులో వచ్చినవి చూడరట. ఇంజనీరింగ్ కాలేజీ కదా, ఆ మాత్రం దర్జా ఉండాలి.

విమల కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ, ఫస్టు క్లాసు. పెళ్లయ్యాక ఆ చదువంతా మా అరుగు మీద వీధి పిల్లలకి ట్యూషన్ చెప్పడంలో ఖర్చవుతోంది. ఊళ్లో కాలేజీలన్నిటికీ ఒకప్పుడు దరఖాస్తు పెట్టింది. ఎవరూ పిలవకపోతే ఊరుకుంది. ఈ ఉద్యోగం తనకి ఎంత కావాలో నోరు తెరిచి చెప్పలేదు. ఆ ప్రకటన మాత్రం కత్తిరించి కందిపప్పు డబ్బా మూత లోపలివైపు అంటించుకుంది. నేను కాఫీపొడి అనుకుని ఆ డబ్బా తెరిచి చూశాను. చూసి, ఈ ఉద్యోగం ఆవిడకి వచ్చి తీరాలి అనుకున్నాను. అక్కడిదాకా నా ఆలోచనలో లోపం లేదు.

"మెయిన్ రోడ్డులో నెట్ సెంటర్ ఉంది కదండీ. పావుగంటలో పంపేసి వస్తాను," అంది గురువారం సాయంత్రం.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఇంట్లో పాడి ఆవుని కట్టేసుకుని పాలకేంద్రం దగ్గర క్యూలో నిలబడతావా? రేపు సెలవు పెట్టి నేనే పంపుతాను. నువ్వు నిశ్చింతగా ఉండు."

"అలాగేనండి," అంది.

శుక్రవారం పొద్దున్నే స్నానం చేసి, పంచె కట్టి, యంత్రం ముందు కూర్చున్నాను. విమల పక్కనే కూర్చుని దరఖాస్తు తనే టైపు చేసి, చివరి చుక్క దాకా సరిచూసి, ఫ్లాపీలో కూడా ఒక ప్రతి దాచుకుని లేచింది. ఇక నా వంతు. ఫోన్ తీగ పీకి మోడెంకి తగిలించాను. అది గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు కాసేపు అరిచి ఊరుకుంది. కాలేజీ అడ్రసు కొట్టి, 'సెండ్' నొక్కాను.

పోలేదు. ఒక పొడుగాటి ఇంగ్లీషు వాక్యం, దాని చివర ఒక నంబరు వచ్చాయి. ఉత్తరం అవుట్‌బాక్స్ అనే అరలో కూర్చుంది. మళ్లీ నొక్కాను. అదే వాక్యం. ఇంకోసారి కొత్తగా దరఖాస్తు తగిలించి పంపాను. ఇప్పుడు అరలో రెండు కూర్చున్నాయి. వచ్చేవేమో నిక్షేపంగా వస్తున్నాయి. లాటరీ తగిలిందని ఒకటి, బట్టతల మీద జుట్టు మొలిపిస్తామని ఒకటి వచ్చాయి. పోవాల్సింది మాత్రం పోదు. ఇంటికి చుట్టాలు రావడమే గానీ పోవడం లేనట్టుంది వ్యవహారం.

రాంబాబుకి ఫోన్ చేద్దామంటే ఇంకో తిరకాసు. ఉన్నది ఒకటే లైను. ఫోన్ చేయాలంటే నెట్ తీసెయ్యాలి. నెట్ పెట్టాలంటే ఫోన్ పెట్టెయ్యాలి.

"ఇప్పుడు తెర మీద ఏం కనపడుతోందండి సార్?" అంటాడు రాంబాబు.

"ఏమీ కనపడ్డం లేదు. నీతో మాట్లాడుతున్నాను కదా."

"అయితే ఫోన్ పెట్టేసి నెట్ పెట్టి చూడండి."

పెట్టేసి, చూసి, కనపడింది కాగితం మీద రాసుకుని, మళ్లీ ఫోన్ చేసేసరికి రాంబాబు ఇంకెవరితోనో మాట్లాడుతూ ఉంటాడు. ఇలా పొద్దు ఎక్కేదాకా జరిగింది. చివరికి నా మీద జాలిపడి పక్కింటి పేర్రాజు గారు గోడ మీంచి తొంగి చూశారు. ఆయన పేపరు మిల్లులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. మిల్లు వదిలినా మిషన్లు ఆయన్ని వదల్లేదు. ఏ ఇంట్లో మిక్సీ ఆగినా ఆయన ముందుంటారు.

"మాస్టారూ, మా ఫోన్ కిటికీ పక్కనే ఉందండి. ఆ కుర్రాడితో నేను మాట్లాడతాను. వాడు చెప్పింది మీకు చెబుతాను, మీరు చెయ్యండి. ఏంటంట మరి?"

దేవుడే పంపాడనుకున్నాను. దేవుడికి నా మీద ఏదో పాత కక్ష ఉండి ఉంటుంది.

"ఏదో బొమ్మ మీద రెండుసార్లు నొక్కమంటున్నాడండి," అని కిటికీలోంచి అరిచారు పేర్రాజు గారు.

"ఏ బొమ్మ?"

"ఏదైతే ఏంటండి, మీరు నొక్కకండి. ఉన్నది పాడవుతుంది. ఇలాంటివి మిల్లులో ఎన్ని చూశాం."

"పోనీ ఇంకేమంటున్నాడు?"

ఆయన ఫోన్లో కాసేపు ఆలకించి, నవ్వి, ఇటు తిరిగారు. "తేదీ సరిగ్గా ఉందా చూడమంటున్నాడండి. నేను చెప్పానులెండి గట్టిగా. ఏరా అబ్బాయ్, మాస్టారు చరిత్ర చెబుతారు, ఊళ్లోవాళ్లందరికీ తేదీలు చెప్పే మనిషికి నువ్వు తేదీ చెబుతావా అన్నాను."

"బాగా చెప్పారండి," అన్నాను. కాస్త గర్వంగా కూడా అనిపించింది.

చూశారా, మర్యాద ఎంత పని చేస్తుందో. మరో ఊళ్లో అయితే 'తేదీ చూడవయ్యా' అని కసిరేవాళ్లు, నేను చూసేవాణ్ణి, ఈ కథ ఇక్కడితో ముగిసేది. మాది గోదావరి జిల్లా. ఎదుటి మనిషిని చిన్నబుచ్చకుండా ఎంత దూరమైనా వెళ్తాం.

రాంబాబుని పేర్రాజు గారు అలా సాగనంపేసి, సొంత వైద్యానికి దిగారు. ఆయన నిర్ధారణ ప్రకారం జబ్బు ఎర్తింగులో ఉంది. "ఎర్తు ఎండిపోతే మిషను తీసుకుంటుంది గానీ ఇవ్వదండి. ఆయ్. గోతిలో నీళ్లూ ఉప్పూ పొయ్యాలి."

వానాకాలంలో ఎర్తు ఎండడమేమిటని మీకు అనుమానం వచ్చింది. నాకు రాలేదు. ఇద్దరం గొడుగు వేసుకుని దొడ్లోకి వెళ్లి ఎర్తు గోతి మూత తీశాం. వానలో తడుస్తూ ఒక బిందెడు నీళ్లు పోశాం. వంటింట్లో ఉన్న కళ్లుప్పు జాడీ పట్టుకొచ్చి బోర్లించాం. మెత్తుప్పు పొట్లం కూడా చించి పోశాం. మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇదేం తద్దినంరా," అంది. "కెమిస్ట్రీ అమ్మా," అన్నాను.

విమల ఖాళీ జాడీ చూసి లోపలికి వెళ్లిపోయింది.

ఉత్తరం పోలేదు. పేర్రాజు గారు తల తుడుచుకుంటూ ఇంకో సలహా ఇచ్చారు. "అంత బరువైన అప్లికేషన్ ఎందుకండి మాటిమాటికీ? చిన్న ముక్క రాసి పంపి చూస్తూ ఉండండి. దారి పడిందంటే ముందు అది పోతుంది, దాని వెనకాల ఇది పోతుంది." ఇలా చెప్పి భోజనానికి వెళ్లారు. ఆయనింట్లో ఉప్పు ఉంది మరి.

ఇక్కణ్ణించి అసలు విధ్వంసం మొదలు. చిన్న ముక్క రాయాలి సరే, ఎవరికి రాయాలి? లోకంలో నాకు తెలిసిన ఈమెయిల్ అడ్రసు ఒకటే, ఆ కాలేజీది. 'నీకు నువ్వే రాసుకోవచ్చు కదయ్యా' అని మీరంటారు. ఆ ముక్క నాకు ఈ మధ్యనే తోచింది. కాబట్టి ముక్కలన్నీ కాలేజీకే రాశాను. ఎలాగూ పోవడం లేదు కదా అని ధైర్యం.

మొదటిది 'టెస్టు' అని రాశాను. రెండోది 'టెస్టు రెండు'. తరవాత 'హలో, అందుతోందా'. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టడం అలవాటయ్యేసరికి చెయ్యి తిరిగింది, నోరు కూడా తిరిగింది. 'అయ్యా, ఈమెయిల్ అని ఊరంతా చాటారు, తీసుకునే దిక్కు లేదు. మీది కాలేజీయా, కోళ్లఫారమా?' అని ఒకటి. అది కూడా పోలేదు. పోని ఉత్తరానికి సభ్యతెందుకు?

భోజనానికి లేచాను. దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు, చారు. దేన్లోనూ ఉప్పు లేదు. మా అమ్మ రెండు ముద్దలు తిని, కంచం వైపు చూసి, నా వైపు చూసి, మజ్జిగలోకి వెళ్లిపోయింది. నేను తిరిగొచ్చి, 'ఇవాళ మా ఇంట్లో పప్పు చప్పిడి. ఉప్పంతా గోతిలో పోశాం. అంతా మీ ధర్మమే,' అని కాలేజీకి తెలియజేశాను.

విమల సంచీ, గొడుగు తీసుకుని గుమ్మంలో నిలబడింది. "రాత్రికి ఉప్పు తెస్తానండి. కొట్టు దాకా వెళ్లొస్తాను."

"వెళ్లు," అన్నాను తల తిప్పకుండా. ఆవిడ చాలాసేపటికి గానీ రాలేదు. కొట్లో జనం ఎక్కువ ఉన్నారేమో అనుకున్నాను. వచ్చేసరికి నేను బల్ల కింద దూరి తీగలన్నీ పీకి మళ్లీ గుచ్చుతున్నాను. ఎవరో వచ్చి కాసేపు నిలబడి వెళ్లినట్టు పాదాలు కనిపించాయి.

నాలుగు కావస్తోంది. నడుం పడిపోయింది. కళ్లు మండుతున్నాయి. ఐదింటికి గడువు. అప్పటికి నాకు కోపం కూడా పోయి వట్టి అలసట మిగిలింది. ఆవిడ పావుగంట పని అడిగితే నేను ఒక రోజంతా తీసుకుని కూడా చెయ్యలేకపోయాను. ఈ ఉద్యోగం పోతే ఆవిడ నన్ను ఒక్క మాట అనదు, అదే నాకు దిగులు. ఆ దిగులులో ఇంకో ముక్క రాశాను. పంపడానికి కాదు, ఊరికే చేతులకి తోచక.

'అయ్యా, మీకు ఈ ఉత్తరం చేరదు, అందుకే నిజం చెబుతున్నాను. సబ్బుకి నురగ ఎందుకొస్తుందో మా ఆవిడ చెబితే మా అమ్మకి కూడా అర్థమైంది. మా అమ్మకి దేన్నైనా అర్థమయ్యేట్టు చెప్పడం ఇప్పటిదాకా ఎవరి వల్లా కాలేదు, నా వల్ల అసలే కాలేదు. ఇంతకంటే పెద్ద అర్హత ఏం కావాలి మీకు?'

'సెండ్' నొక్కాను. అదీ వెళ్లి అరలో కూర్చుంది.

అప్పుడు మా అమ్మ నిద్ర లేచి, పంచాంగం పుచ్చుకుని వచ్చింది.

"వర్జ్యం దాటిందిరా, ఇప్పుడు పంపు," అని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. "అవునూ, దీని లోపల ఇవాళ ఏ తేదీరా?"

తెర మూలన చూసి చెప్పాను. అమ్మ వేళ్ల మీద లెక్క కట్టింది. మొహం మారిపోయింది.

"ఒరేయ్, మనకి శ్రావణ బహుళం కదా, దానికి భాద్రపద బహుళం నడుస్తోంది. అంటే దాని లోపల పితృపక్షాలు. తద్దినాల రోజుల్లో కోడలి ఉద్యోగానికి కాగితం పంపుతావా? అందుకే కదల్లేదు. ఎలా కదులుతుంది?"

"అమ్మా, దానికీ దీనికీ సంబంధం లేదు."

"ఆషాఢం ఎప్పుడో పోయింది. ఇంకా దాన్ని ముందు నెలలో ఎందుకు కూర్చోబెట్టావు? మనతో పాటు ఉండమను."

వాదించే ఓపిక లేదు. అమ్మని అక్కణ్ణించి పంపేద్దామని, కేవలం అందుకని, తేదీ వెనక్కి తిప్పి ఆ రోజు తేదీ పెట్టాను. ఆపేసి మళ్లీ ఆన్ చేశాను. మోడెం అరిచింది. 'సెండ్' నొక్కాను.

తెర మీద పచ్చటి గీత ఒకటి జరజరా పాకింది. అవుట్‌బాక్స్ ఖాళీ.

"వెళ్లిందే," అని అరిచాను. విమల వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఏది వెళ్లిందండి?"

"అన్నీ వెళ్లాయి."

"అన్నీ అంటే?"

అప్పుడు వెలిగింది నాకు. పంపిన ఉత్తరాల అర తెరిచాను. దరఖాస్తు పదో పన్నెండో కాపీలు, టెస్టు ఒకటి, టెస్టు రెండు, హలో, కోళ్లఫారం, చప్పిడి పప్పు, సబ్బు నురగ, అన్నీ పెళ్లివారి బస్సు దిగినట్టు వరసగా వెళ్లి దిగిపోయాయి. విమల నా భుజం మీంచి వంగి ఒక్కొక్కటీ చదివింది.

ఐదు దాటాక రాంబాబు సంచీ తగిలించుకుని వచ్చాడు. జరిగింది విని తల పట్టుకున్నాడు. "వైరస్ రాకుండా ఒకటి వేశానని చెప్పాను కదండి సార్. అది వాకిట్లో కాపలావాడి లాంటిది. రెండు నెలలు ఊరికే పని చేస్తుంది. కొని నెల దాటింది, మీరు ఇంకో నెల ముందుకి జరిపారు, దాంతో గడువు తీరిపోయిందనుకుని, బయటికెళ్లే గేటు వేసి కూర్చుంది. మీరు తేదీ సరిచేశారు, మళ్లీ తీసింది. ఇదే పొద్దున్న అడిగితే పేర్రాజు గారు నన్ను తిట్టి ఫోన్ పెట్టేశారండి."

శాసనం తేదీ ఒక ఏడాది తప్పు రాస్తే పిల్లలకి మార్కులు కోసే మనిషిని నేను.

"పోనీ, వెనక్కి తెప్పించడం ఎలా?" అన్నాను.

"రావండి సార్."

"అయితే క్షమించమని ఇంకో మెయిల్ కొడతాను." ఇలా అని చెయ్యి చాపేసరికి కీబోర్డు అక్కడ లేదు. విమల తీగతో సహా పీకి చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. "వద్దండి," అంది. కాపురానికి వచ్చాక ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదలు.

పది రోజులకి కాలేజీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది, పోస్టులో. ఈమెయిల్ అంటే వాళ్లకి అప్పటికే భయం పట్టుకున్నట్టుంది. కింద చేత్తో ఒక వాక్యం రాసి ఉంది: 'అమ్మగారి భర్తగారు కూడా దయచేస్తే సంతోషిస్తాం.' ఆ వాక్యం చదివాక నాకు రెండ్రోజులు అన్నం సయించలేదు, ఉప్పు ఉండి కూడా.

కాలేజీ కరస్పాండెంటు గారు రైసుమిల్లులు నడిపి ఈ కాలేజీ పెట్టిన పెద్దాయన. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చాలా మర్యాదస్థుడు. విమల లోపల పాఠం చెప్పి, ప్రశ్నలకి జవాబులు చెప్పి బయటికొచ్చాక నన్ను పిలిపించారు. బల్ల మీద నా ఉత్తరాలన్నీ కాగితాల మీద అచ్చు వేయించి, పిన్ను కొట్టి ఉన్నాయి.

"కూర్చోండి మాస్టారూ. కాఫీ తాగుతారా? కోళ్లఫారం కూడా ఉందండి మాకు, పెద్దాపురం అవతల. మీకెలా తెలిసిందా అని ఆశ్చర్యపోయాం."

నేను కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

"ఆ రోజు రాత్రికైనా ఉప్పు దొరికిందాండి?"

"దొరికిందండి."

"హమ్మయ్య. మా ఇంటావిడ రోజూ అడుగుతోందండి. మేష్టారింట్లో ఉప్పు సంగతి ఏమైందో కనుక్కోమని." ఆయన ఆఖరి కాగితం పైకి తీశారు. "ఇది చదివాక, డెమో క్లాసు సబ్బు గురించే చెప్పమన్నానండి అమ్మగారిని. నా చదువు ఎనిమిదో తరగతితో ఆఖరు. ఇవాళ నాకు సబ్బు అర్థమైందండి. సోమవారం నుంచి చేరమని చెప్పండి. ఒక్కటే షరతు. మీరు మాకు ఇంక ఉత్తరాలు రాయకూడదు. ఏదైనా ఉంటే అమ్మగారితో చెప్పి పంపండి. ఆవిడ వడగట్టి తెస్తారు."

తిరుగు బస్సులో కాలవ పక్కనే వస్తున్నాం. భయం తీరిపోయింది, ఉద్యోగం వచ్చింది, గాలి చల్లగా తగులుతోంది. మనిషి బుద్ధి చూడండి, అప్పుడే నాకు మీసం మెలెయ్యాలనిపించింది.

"చూశావా విమలా, ఎన్ని తిప్పలు పడితేనేం, ఆఖరికి ఐదింటిలోగా నా కంప్యూటర్ నుంచే నీ అప్లికేషన్ చేరింది."

ఆవిడ కిటికీలోంచి కొబ్బరితోటలు చూస్తోంది. "నా అప్లికేషన్ మూడింటికే చేరిందండి."

"మూడింటికెలా చేరుతుంది? మనది వెళ్లింది నాలుగు దాటాక."

"ఉప్పుకి వెళ్లినప్పుడు నెట్ సెంటర్‌లో ఇచ్చాను. ఫ్లాపీ సంచీలో వేసుకెళ్లాను."

బస్సు రెండు ఊళ్లు దాటింది.

"మరి నాకు చెప్పొద్దూ?"

"చెబుదామనే వచ్చానండి. మీరు బల్ల కింద ఉన్నారు. తీగలతో ఏదో మాట్లాడుతున్నారు. అంత కష్టపడుతున్నారు, మధ్యలో ఆపి మిమ్మల్ని నొప్పించడం దేనికని."

అంటే నేను పంపినవాటిలో ఆవిడకి పనికొచ్చింది ఒక్కటీ లేదు, ముంచడానికి పనికొచ్చేవి మాత్రం బోలెడున్నాయి. అదే మాట పైకి అన్నాను.

"ఒక్కటుందండి," అంది. ఇంకా బయటికే చూస్తోంది. "సబ్బుది. అలా అనుకుంటున్నారని నాకు తెలీదు. నాతో ఎప్పుడూ అనలేదు మీరు."

కాబట్టి పాఠకులారా, పవిత్రమైన గోదావరి కాలవ సాక్షిగా, మంచి వేళ చూసుకోమని అమ్మ ఇచ్చి పంపిన పంచాంగం చేతిలో పట్టుకుని, ఆ రోజు నేను చేసిన శపథం ఇది. ఇక ఈ జన్మలో ఎర్తు గోతిలో ఉప్పు పొయ్యను. ఏ యంత్రాన్నీ నాకంటే ముందు నెలలోకి పంపను. పోని ఉత్తరం కదా అని నోటికొచ్చింది రాయను. పెళ్లాం గురించి మంచి మాట ఏదైనా తోస్తే ఊరవతల కోళ్లఫారం ఆయనకి రాసుకోకుండా, నడిచి వంటింట్లోకి వెళ్లి, మనిషికే చెబుతాను.